పనిమనిషినీ జిమ్‌నూ మానుకుని ఇంటిపని మనమే చేసుకుంటే సరిపోతుందా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీరూ మీ వారూ హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పగలంతా కుర్చీలోనే గడుస్తుంది. ఇల్లు ఊడ్చి తుడవడానికీ గిన్నెలు తోమడానికీ పనిమనిషికి నెల జీతం, ఇద్దరికీ కలిపి జిమ్‌కు ఏడాది రుసుము ఇస్తున్నారు. ఆ పనులేవో మనమే చేసుకుంటే రెండు ఖర్చులూ తగ్గుతాయని మీరంటున్నారు; ఇంటిపని వ్యాయామం కిందికి రాదని మీ వారంటున్నారు. వంట చాలావరకు 62 ఏళ్ల మీ అత్తగారే చూసుకుంటారు. ఫిజియోథెరపిస్టుగా నా దగ్గరకు నడుము, మోకాళ్ల నొప్పులతో గృహిణులూ వస్తారు, అవే నొప్పులతో ఐటీ ఉద్యోగులూ వస్తారు. అందువల్ల ఈ తగవులో ఇరుపక్షాల బలాబలాలూ కొంత తెలుసు. గుండెకూ రక్తంలోని చక్కెరకూ సంబంధించినంతవరకు, వేగంగా చేసే ఇంటిపని వ్యాయామమే. అక్కడ మీ మాట నెగ్గుతుంది. కండరాలకూ ఎముకలకూ సంబంధించినంతవరకు అది చాలదు. అక్కడ మీ వారి మాట నిలుస్తుంది.

శ్రమను పోల్చి చూడటానికి మెట్ అనే కొలమానాన్ని వాడతారు. కదలకుండా కూర్చున్న శరీరం ఖర్చు చేసే శక్తి 1 మెట్. 3 నుంచి 6 దాకా మధ్యస్థ శ్రమ, ఆపైన తీవ్ర శ్రమ. ఏ పనికి ఎన్ని మెట్‌లో చూపే పట్టికను అమెరికా పరిశోధకులు 1993లో తొలిసారి ప్రచురించారు, తరువాత పలుమార్లు సవరించారు. 2011 నాటి పట్టికలో గిన్నెలు తోమడం, ఇస్త్రీ చేయడం 2 మెట్‌లకు లోపే ఉన్నాయి. అంటే లెక్కలోకి రావు. నేల ఊడవడం 3.3, నిలబడి మాప్‌తో తుడవడం 3.5, బట్టలు చేత్తో ఉతకడం 4 మెట్‌లు. గంటకు 5 కిలోమీటర్లకు కాస్త తక్కువ వేగంతో నడిచినా 3.5 మెట్‌లే కనుక, మాప్ పట్టిన మనిషి గుండెకూ పార్కులో నడిచే మనిషి గుండెకూ పడే పని దాదాపు ఒకటే. నేలను వంగి గట్టిగా రుద్ది కడిగితే 6.5 వరకు పోతుంది. సరుకుల సంచులు మోస్తూ పై అంతస్తుకు ఎక్కడం 7.5, అది జాగింగ్‌కు తీసిపోదు. కాబట్టి ‘ఇంటిపని’ అని గుండుగుత్తగా మాట్లాడితే ఈ వాదన ఎప్పటికీ తెగదు. ఏ పని, ఎంత వేగంతో, ఎంతసేపు అన్నదే చూడాలి.

ఇప్పుడు మీ ఇంటి లెక్కకు వద్దాం. రెండు పడకగదుల ఫ్లాట్‌ను రోజూ శ్రద్ధగా ఊడ్చి తుడవడానికి ముప్పావుగంట పడుతుందనుకుంటే, వారానికి 315 నిమిషాలు. ఇద్దరూ సమంగా పంచుకుంటే ఒక్కొక్కరి వంతుకు 150 నిమిషాలు దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు పెద్దలకు సూచించిన కనీస మధ్యస్థ శ్రమ కూడా వారానికి 150 నిమిషాలే. మేలైనది 300 దాకా. అంతకుముందు, 2010 నాటి సూచనల్లో, ఒక్కొక్క విడత కనీసం 10 నిమిషాలు ఆగకుండా సాగితేనే లెక్క అనే షరతు ఉండేది. కొత్త మార్గదర్శకాలు ఆ షరతును ఎత్తివేశాయి. హాలు ఊడ్చి, ఫోను మాట్లాడి, మళ్లీ వచ్చి పడకగది ఊడ్చేవారికి ఈ మార్పు అనుకూలమే.

డబ్బు కట్టి చేసే వ్యాయామానికే ఫలితం ఉంటుందన్న నమ్మకానికి ఆధారం లేదు. భారతదేశంతో సహా 17 దేశాల్లో 1,30,000 మందిని ఏళ్లతరబడి గమనించిన ప్యూర్ అధ్యయనం ఫలితాలు 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సరదాకు చేసే వ్యాయామమైనా, రాకపోకల నడకైనా, ఉద్యోగంలోని శ్రమైనా, ఇంటిపనైనా, ఎక్కువగా కదిలినవారిలో గుండెజబ్బులు, అకాల మరణాలు తక్కువగా కనిపించాయి. 2022లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన మరొక అధ్యయనం ఇంకా ఆసక్తికరమైనది. బ్రిటన్‌లో ఏ వ్యాయామమూ చేయని 25 వేల మంది చేతికి కదలికలను కొలిచే పరికరం కట్టి చూశారు. రోజుకు మూడుసార్లు, ఒకటి రెండు నిమిషాల చొప్పున, ఆయాసం వచ్చేంత వేగంగా ఏదో ఒక పని చేసినవారిలో, అసలు అలా చేయనివారికంటే మరణాల ముప్పు 38 నుంచి 40 శాతం తక్కువగా ఉన్నట్లు తేలింది. ఇవి గమనించి రాసిన లెక్కలే తప్ప ప్రయోగాలు కావు. ఆరోగ్యంగా ఉన్నవారే ఎక్కువగా కదులుతారన్న సందేహం పూర్తిగా తొలగిపోదు. అయినా ఇన్ని దేశాల ఆధారాలు ఒకే దిక్కును చూపుతున్నప్పుడు ఇంటిపనిని తీసిపారేయలేము.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఉత్తర ఐర్లండ్‌లో 4,563 మంది చెప్పిన వివరాలతో 2013లో వచ్చిన అధ్యయనంలో, వారు తమ శ్రమగా చెప్పుకున్నదాంట్లో మూడోవంతుకు పైగా ఇంటిపనే ఉంది. అయితే ఇంటిపని ఎక్కువగా చేస్తున్నామన్నవారే సన్నగా కాక లావుగా ఉన్నారు. దీనికి రెండు కారణాలు ఉండవచ్చని పరిశోధకులు భావించారు: చేసిన శ్రమను ఎక్కువగా ఊహించుకోవడం, చేసిన దానికి ప్రతిఫలంగా ఎక్కువ తినడం. నా అనుభవంలో రెండూ నిజమే. ‘పొద్దున లేచిన దగ్గర్నుంచి నిలబడే ఉన్నానండీ’ అని చెప్పేవారి మాట అక్షరాలా సత్యం. కానీ నిలబడటం వ్యాయామం కాదు, అలసట శ్రమకు కొలత కాదు. వేసవిలో స్టవ్ ముందు పట్టిన చెమట అసలే కాదు. అది వేడికి పట్టిన చెమట.

కాబట్టి ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. పని చేస్తున్నప్పుడు పక్కవారితో మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి. అప్పుడే అది మధ్యస్థ శ్రమ. నాలుగు మాటలకే ఊపిరి తీసుకోవలసి వస్తే తీవ్ర శ్రమ. తుడుస్తూ హాయిగా కూనిరాగం తీయగలుగుతున్నారంటే ఇల్లు శుభ్రమవుతుంది, అంతే. బరువు తగ్గడం మీద కూడా పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. 60 కిలోల మనిషి ముప్పావుగంట మాప్ పడితే సుమారు 160 కిలోకేలరీలు ఖర్చవుతాయి. ఊరికే కూర్చున్నా పోయే 45 తీసేస్తే మిగిలేది 110 పైచిలుకు. పని అయ్యాక రెండు గారెలు తింటే ఆ లెక్క అక్కడితో చెల్లిపోతుంది. అయితే రాత్రి భోజనం కాగానే సోఫాలో వాలకుండా బల్ల తుడిచి, గిన్నెలు సర్ది, వంటగది కడిగితే, అది తేలికపాటి పనే అయినా, తిన్న తరువాత రక్తంలో చక్కెర పెరగడాన్ని కొంత అదుపు చేస్తుంది. మధుమేహం ఉన్న ఇళ్లలో ఈ చిన్న అలవాటుకు నేను చాలా విలువ ఇస్తాను.

ఇక అసలు లోటు కండరబలం దగ్గర ఉంది. ముప్పై ఏళ్లు దాటాక, ప్రత్యేకంగా పని చెప్పకపోతే, ప్రతి పదేళ్లకు కండర పరిమాణంలో 3 నుంచి 8 శాతం దాకా తగ్గిపోతుందని అంచనా. భోజనంలో వచ్చే గ్లూకోజ్‌ను పెద్దమొత్తంలో తీసుకుని దాచుకునేది కండరమే కనుక, కండరం తగ్గడమంటే బలం తగ్గడమొక్కటే కాదు, మధుమేహానికి దారి తెరవడం కూడా. పైగా అదే బరువున్న ఐరోపావాసులతో పోలిస్తే మన శరీరాల్లో కొవ్వు ఎక్కువ, కండరం తక్కువ. మొదటే తక్కువ ఉన్నవాళ్లం పోగొట్టుకోవడానికి తొందరపడకూడదు. కండరం పెరగాలంటే అది మోసే భారం కాలక్రమంలో పెరుగుతూ పోవాలి. ఇంటిపనిలో అదే జరగదు. మీ బకెట్‌లో ఈ రోజు ఎన్ని నీళ్లు పడతాయో పదేళ్ల తరువాతా అన్నే పడతాయి. మొదటి రెండు మూడు వారాలు ఒళ్లు నొప్పులు వస్తాయి, ఆ తరువాత శరీరం ఆ పనికి అలవాటుపడుతుంది, అక్కడితో ఎదుగుదల ఆగిపోతుంది.

‘మా అమ్మమ్మ ఏ జిమ్‌కు వెళ్లింది?’ అని చాలామంది అడుగుతారు. ఆవిడ నూతిలోంచి నీళ్లు చేదింది, రోకలితో దంచింది, తిరగలి విసిరింది, రుబ్బురోలు ముందు కూర్చుని పొత్రం తిప్పింది, బండ మీద దుప్పట్లు ఉతికింది. అవి నిజంగా బరువు పనులే. చేద లాగడంలో వీపు పైభాగమూ భుజాలూ పనిచేస్తాయి. కింద కూర్చుని లేవడంలో తొడలూ పిరుదులూ పనిచేస్తాయి. ఇప్పుడు ఆ పనుల్లో ఏవి మిగిలాయి? కుళాయి, మిక్సీ, వెట్ గ్రైండర్, వాషింగ్ మెషీన్, పొడుగు కర్ర మాప్ వచ్చాక మిగిలినదంతా ముందుకు వంగి, చేతులు ముందుకు చాపి చేసే తేలికపాటి పని. వెనక్కి లాగే కదలిక గానీ, తలపైకి బరువెత్తే కదలిక గానీ రోజులో ఒక్కసారైనా రాదు. రోజంతా కీబోర్డు మీదకు వంగి ఉండే మీ ఇద్దరికీ కావలసినవి సరిగ్గా ఆ కదలికలే. (ఆ పాతకాలపు చాకిరీ మళ్లీ రావాలని నేను కోరుకోవడం లేదు. దానివల్ల కీళ్లు అరిగి మంచం పట్టినవారిని ఎవరూ లెక్కలో చేర్చరు.)

ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 150 నిమిషాలతో ఆగలేదు. వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం చేకూర్చే వ్యాయామం విడిగా ఉండాలంది. మన దేశపు నిపుణులు 2012లో ఇచ్చిన సిఫార్సు మీ ప్రశ్నకు ఇంకా దగ్గరగా ఉంది. భారతీయులకు రోజూ మొత్తం 60 నిమిషాల శ్రమ కావాలని, అందులో 30 నిమిషాలు నడకలాంటి మధ్యస్థ శ్రమ, 15 నిమిషాలు రోజువారీ పనుల్లోని శ్రమ, 15 నిమిషాలు కండరబలానికి చేసే వ్యాయామం ఉండాలని వారు సూచించారు. మీ ఊడ్పు, తుడుపు మొదటి రెండింటిలో చాలాభాగం పూరిస్తాయి. మూడోదానిని పూరించవు.

ఆ మూడోదానికి జిమ్ తప్పనిసరి కాదు. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా నెమ్మదిగా కూర్చుని లేవడం, తరువాత కుర్చీ లేకుండా గుంజీళ్ల మాదిరిగా కూర్చుని లేవడం. గోడకు ఆనించి, తరువాత బల్లకు, ఆ తరువాత నేల మీద దండీలు. 5 కిలోల బియ్యం సంచిని నేల మీంచి వీపు నిటారుగా ఉంచి ఎత్తడం. కిటికీ ఊచకు కట్టిన రబ్బరు బ్యాండును ఛాతీ వైపు లాగడం. నీళ్ల సీసాలను తలపైకి ఎత్తడం. ఒక్కొక్కటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు, వారానికి రెండు రోజులు. చివరి రెండు మూడు సార్లు కష్టంగా అనిపించాలి. 12 సార్లు సులువుగా అయిపోతే బరువు పెంచాలి. ఇంట్లో చేసేవారు మరిచిపోయేది ఈ చివరి నియమాన్నే. జిమ్ అమ్మేది నిజానికి అదొక్కటే: రెండున్నర కిలోల చొప్పున పెంచుకుంటూ పోగల బరువులు, పెంచమని చెప్పే మనిషి. ట్రెడ్‌మిల్ మీద నడవడానికి మాత్రమే జిమ్‌కు పోతుంటే ఆ డబ్బు ఈ నెలే ఆపవచ్చు. బరువులు ఎత్తుతూ ఉండి ఉంటే, ఇంట్లో అదే పని చేయగలమన్న నమ్మకం కుదిరాకే ఆపాలి.

మీరు అడగలేదు గానీ, ఈ పథకంలో నాకు కనిపించే పెద్ద ప్రమాదం శరీరానికి సంబంధించినది కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2024 సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటివారి కోసం జీతం లేని పని చేసే స్త్రీలు అందుకు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తే, చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు; అసలు ఆ పని ముట్టుకునే పురుషులే తక్కువ. అదే ఏడాది లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అంచనాల్లో, ఇంటిపనిని కూడా కలిపి లెక్కించినా, భారతీయ స్త్రీలలో 57 శాతం మందికి తగినంత శారీరక శ్రమ లేదు. పురుషులలో ఇది 42 శాతం. సుమారు అయిదు గంటల చాకిరీ, అయినా చాలని వ్యాయామం: ఈ రెండూ ఒకే ఇంట్లో ఉండగలవు, ఎందుకంటే ఆ గంటల్లో ఎక్కువభాగం 2 మెట్‌ల పనే. పనిమనిషిని మాన్పించాక మాప్ మీ చేతికి, జిమ్ కార్డు మీ వారి జేబుకి చేరితే, మీరు పోగొట్టుకునేది బలాన్నీ తీరికనూ కూడా. అందువల్ల నా సలహా స్పష్టంగా చెబుతాను. ఊడవడం, తుడవడం, స్నానాల గది రుద్దడం, సరుకులు మోయడం, అంటే 3 మెట్‌లు దాటిన పనులు, కనీసం మొదటి కొన్ని నెలలు, ఎక్కువగా మీ వారికి అప్పగించండి. అది వ్యాయామం కాదని వాదిస్తున్నది ఆయనే కనుక, మాప్ పట్టుకుని పాట పాడగలనో లేదో ఆయనే పరీక్షించుకోవాలి. తేలిక పనులు మీ వంతుకు వచ్చినా, ఆ మిగిలే సమయాన్ని మీరు నడకకూ బరువులకూ కేటాయించుకోండి.

ఇంటిపని అంత మంచిదైతే నాలుగిళ్లలో పనిచేసే ఆవిడ అందరికంటే ఆరోగ్యంగా ఉండాలి కదా అని మీకు సందేహం రావచ్చు. డెన్మార్క్‌లో ఆండ్రియాస్ హోల్టర్మన్ బృందం చాలా ఏళ్లుగా పరిశీలిస్తున్నది ఈ చిక్కునే. జీవనోపాధి కోసం చేసే బరువు పని, తీరికలో చేసే వ్యాయామమంత మేలు చేయడం లేదని, కొన్నిసార్లు కీడు చేస్తోందని వారు గమనించారు. ప్యూర్ ఫలితాలతో ఇది పూర్తిగా పొసగదు, శాస్త్రజ్ఞుల మధ్య చర్చ ఇంకా సాగుతూనే ఉంది. కానీ కారణం ఊహించడం కష్టం కాదు: వేగం, విశ్రాంతి, విరామం పనివారి చేతుల్లో ఉండవు, గంటల తరబడి రక్తపోటు కాస్త ఎక్కువగానే నిలిచి ఉంటుంది, తిండి, నిద్ర అంతంతమాత్రం. మీరు ముప్పావుగంట చేసి ఆగుతారు, ఆవిడకు ఆగే వీలుండదు. అమెరికాలో 2007లో 84 మంది హోటల్ పనివారిపై జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, మీ పనే మంచి వ్యాయామమని కొందరికి వివరించి చెబితే, నాలుగు వారాల్లో వారి బరువు, రక్తపోటు కొద్దిగా తగ్గాయట. దానిని పట్టుకుని, చేసే పనిని వ్యాయామమని నమ్మితే చాలనేవారితో నేను ఏకీభవించను. ఇక మీ పనిమనిషిని మాన్పించాలనే నిర్ణయం మీదే గానీ, ఆమెకు అది నెల ఆదాయంలో ఒక భాగం కనుక, ఇంకో ఇల్లు చూసుకునేంత గడువు ఇవ్వండి.

మీ అత్తగారి సంగతి వేరు. వంటగదిలో రెండు గంటలు నిలబడటం ఆవిడ కాళ్లకు భారమే తప్ప వ్యాయామం కాదు. కూరలు కూర్చుని తరగాలి. పొయ్యి దగ్గర చిన్న పీట ఉంచుకుని ఒక్కొక్క కాలూ మార్చి మార్చి దాని మీద పెడితే నడుముకు ఉపశమనంగా ఉంటుంది. సింగపూర్‌లోని యిషూన్ ప్రాంతంలో జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, ఇంటిపని చేసుకునే 65 ఏళ్లు పైబడినవారిలో జ్ఞాపకశక్తి, కాళ్ల బలం మెరుగ్గా కనిపించాయి. ఓపిక ఉన్నవారే పని చేస్తారు కనుక ఏది కారణమో, ఏది ఫలితమో అక్కడ తేలలేదు. అయినా ఆవిడ చేతిలోంచి పని మొత్తం లాగేసుకోవద్దని మాత్రం చెబుతాను. 65 దాటాక వారానికి మూడు రోజులు, పడిపోకుండా శరీరాన్ని నిలుపుకునే వ్యాయామం కావాలని సిఫార్సు. ఇప్పటి నుంచే, గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటంతో మొదలుపెట్టించవచ్చు. మోకాళ్లు అరిగి ఉంటే గొంతుకూర్చుని నేల తుడిచే పని ఆవిడకు వద్దు.

మీ ఇద్దరికీ పని చేసే పద్ధతిలో రెండు మూడు జాగ్రత్తలు చాలు. మాప్ కర్ర ఛాతీ ఎత్తుకు ఉండాలి. నడుము మెలితిప్పకుండా, అడుగు ముందుకు వేస్తూ తుడవాలి, గది గదికీ చేయి మార్చాలి. నిండు బకెట్‌ను ఒంటికి దగ్గరగా పట్టుకుని, మోకాళ్లు వంచి ఎత్తాలి. బట్టలు పిండటంలో బొటనవేలి మొదట్లో వచ్చే నొప్పి మొండిది, ఒకసారి పట్టుకుంటే నెలలు పీడిస్తుంది. తడి దుప్పట్లను మెషీన్‌కే వదిలేయండి. మెట్లెక్కేటప్పుడో నేల రుద్దేటప్పుడో ఛాతీలో బరువుగా అనిపించినా, మామూలుగా రాని ఆయాసం వచ్చినా పని ఆపి డాక్టరు దగ్గరకు వెళ్లాలి; అప్పటిదాకా ఏ సలహా వర్తించదు.

జిమ్ రుసుము ఇంకా కొన్ని నెలలు మిగిలి ఉంటే, ఆ వ్యవధిని పరీక్షాకాలంగా వాడుకోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న కుర్చీలోంచి 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో ఈ రోజే ముగ్గురూ లెక్కపెట్టి రాసుకోండి. 60 నుంచి 64 ఏళ్ల స్త్రీలలో 12 కంటే తక్కువైతే సగటు కంటే తక్కువ అని లెక్క. మీ ఇద్దరూ ఆ సంఖ్యను సులువుగా దాటాలి. నేల మీద ఎన్ని దండీలు తీయగలరో కూడా రాసుకోండి. ఇంటిపని, వారానికి రెండు రోజుల బరువులు మొదలుపెట్టి మూడు నెలల తరువాత మళ్లీ లెక్కపెట్టండి. రెండు సంఖ్యలూ పెరిగితే జిమ్ రుసుము మళ్లీ కట్టనక్కరలేదు. ఇల్లు మెరుస్తున్నా ఆ సంఖ్యలు అక్కడే ఉంటే, బరువుల కోసమైనా వారానికి రెండు రోజులు జిమ్‌కు వెళ్లండి.